గూడు నేలపట్టులో, మేత పులికాట్‌లో

మొదటి రోజు

నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కార్లలో వస్తారు. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద పోతూ దొరవారిసత్రం దగ్గర బోర్డు చూసి పక్కకు తిరుగుతారు. ఒక గంట చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని మళ్లీ రోడ్డెక్కుతారు. నాకు ఆ చోటును నడిచి చూడాలని చాలాకాలంగా కోరిక. పక్షి ఎక్కడ గూడు కట్టుకుంటుందో, పొద్దున లేచి ఎటు పోతుందో, సాయంత్రం ఎటునుంచి తిరిగొస్తుందో కాళ్ల మీద తిరిగితేనే తెలుస్తుందని నా నమ్మకం. సంక్రాంతి రద్దీ తగ్గాక చెన్నై వైపు నుంచి వచ్చే మెమూ రైలెక్కాను.

సూళ్లూరుపేటలో పెట్టె సగం ఖాళీ అయింది. తర్వాత పోలిరెడ్డిపాలెం, ఆపైన దొరవారిసత్రం. దిగినవాళ్లం కొద్దిమందిమే. ఈ ప్రాంతం 2022 దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. మనుషుల మాటలో మాత్రం నెల్లూరు యాస ఎక్కడికీ పోలేదు.

ఊరు దాటగానే రెండు పక్కలా పచ్చటి వరి. ఆంధ్రలో చాలా చోట్ల సంక్రాంతి నాటికి కోతలైపోయి ధాన్యం ఇళ్లకు చేరుతుంది. ఇక్కడ అలా కాదు. ఈ సీమకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఆ వానకే చెరువులు నిండుతాయి, ఆ నీళ్లు చూసుకునే నాట్లు వేస్తారు. అందుకే జనవరిలో ఇక్కడి పొలాలు లేత పచ్చగా ఉంటాయి. పక్షులు కూడా ఆ వాననే నమ్ముకుని వస్తాయి. మనిషి నాటు వేసే కాలమూ, పక్షి గూడు కట్టే కాలమూ ఒకటే కావడం ఈ నడకలో నాకు మొదట తట్టిన విషయం.

పొలాల్లో నత్తగుల్ల కొంగలు నింపాదిగా అడుగులేస్తున్నాయి. వాటి ముక్కు మూసుకున్నా మధ్యలో చిన్న సందు మిగిలిపోతుంది. గట్టి గుల్లలోంచి నత్త మాంసాన్ని లాగడానికి ఆ ముక్కు పనికొస్తుంది. పుట్టినప్పుడు పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. గట్టు మీద నిలబడి బైనాక్యులర్‌తో చూస్తే ఒక కొంగ తలను నీళ్లలో ముంచి, కదలకుండా పని చేస్తోంది. పైకి తీసేసరికి నత్త లేదు, ఖాళీ గుల్ల మాత్రం బురదలో పడింది. రైతుకు నత్త పైరు కొరికే చీడ. కొంగకు అది భోజనం.

నేలపట్టు పక్షుల అభయారణ్యాన్ని 1976లో ప్రకటించారు. మొత్తం 458.92 హెక్టార్లు, అంటే నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. మన రాష్ట్రంలోనే కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు ఉంది. దాని పక్కన పెడితే ఇదెంత? కానీ చుక్కల ముక్కు గూడబాతు (పెలికాన్) మన దేశంలో గుడ్లు పెట్టి పిల్లలను పెంచే చోట్లలో పెద్ద పేరున్న వాటిలో ఇదొకటి. ఒక చెరువు, దాని కట్ట, నీళ్లలో నిలిచిన చెట్లు, వెనక కొంచెం చిట్టడవి. అంతే ఈ అభయారణ్యం.

గేటు దాటి కట్ట ఎక్కాను. ఎదురుగా చెరువు నిండా నీటి కడప చెట్లు. ఈ చెట్టు నెలల తరబడి మొదలు నీళ్లలో మునిగి ఉన్నా కుళ్లిపోదు. కొమ్మలు గుబురుగా, అడ్డంగా సాగుతాయి కాబట్టి బరువైన గూళ్లను మోయగలదు. గూడబాతు చిన్న పక్షి కాదు. నాలుగు నుంచి ఆరు కిలోల బరువు, రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లు పైనే. అలాంటివి ఒక్కో చెట్టు మీద పక్కపక్కనే గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. రెట్టలతో ఆకులు, కొమ్మలు తెల్లబడిపోయాయి. దూరం నుంచి ముందు చూపుకు అందేది ఆ తెలుపే. కాసేపు చూస్తూ నిలబడితే దానిలోంచి మెడలు, ముక్కులు, కదిలే పిల్లల తలలు ఒక్కొక్కటీ విడివడతాయి.

కట్ట మీద ఒక పెద్దాయన గొడుగు చేతికర్రలా పట్టుకుని నడుస్తున్నాడు. కట్ట కింద ఆయన పొలం ఉందట.

“ఏం నాయనా, పక్షులు చూసేదానికి వచ్చినావా?”

“అవును తాతా. ఈ ఏడు బాగా వచ్చాయా?”

“చెరువు నిండితే అవే వస్తాయి. ఇప్పుడు చెట్టు చెట్టుకూ ఉండాయి. వాటి రెట్టే మాకు ఎరువు. ఈ చెరువు నీళ్లు పారే పొలానికి యూరియా తక్కువ పట్టిద్ది.”

ఇక్కడి రైతులు తరాలుగా చెప్పుకునే మాట ఇది, ఊరికే అనే మాట కాదు. చేపలు తిన్న పక్షి రెట్టలో నత్రజని, భాస్వరం బాగా ఉంటాయి. అది చెట్ల కింద నీళ్లలో కలుస్తుంది. ఆ నీరు తూము గుండా కాలువలోకి, కాలువ నుంచి మడిలోకి పోతుంది. ఊరివాళ్లు ఈ పక్షులను తమవిగా చూసుకోవడానికి ప్రేమ ఒక కారణం, పంట ఇంకో కారణం. రెండూ కలిసి ఉన్నందుకే ఈ బంధం ఇన్నాళ్లు నిలిచిందని నాకనిపిస్తుంది. 

సాయంత్రం పొద్దు వాలేకొద్దీ ఆకాశం నిండిపోయింది. నీటికాకులు తక్కువ ఎత్తులో గబగబా రెక్కలు కొట్టుకుంటూ, నల్లతల కంకణాలు (ఐబిస్ పక్షులు) వరుసలు కట్టి, తెల్లకొంగలు విడివిడిగా వచ్చాయి. గూడబాతులు అన్నిటికంటే పైనుంచి, రెక్కలు దాదాపు కదపకుండా జారుతూ వచ్చాయి. అంత బరువున్న పక్షి సన్నటి కొమ్మ మీద వాలే ముందు కాళ్లు ముందుకు చాపి, రెక్కలు వెనక్కి విరుచుకుని వేగాన్ని చంపుకునే తీరు చూడాలి. వాలగానే గూట్లో గోల మొదలవుతుంది. 

ఒకటి గమనించాను. వచ్చేవి చాలావరకు ఒకే దిక్కు నుంచి, తూర్పు వైపు నుంచే వస్తున్నాయి. తూర్పున ఉన్నది పులికాట్ సరస్సు.

రాత్రి బసకు సూళ్లూరుపేట చేరాను. కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. రాత్రీ పగలూ తలుపులు మూయని గుడి అని ఈ ప్రాంతమంతా పేరు. దణ్ణం పెట్టుకుని, కాసేపు నది వైపు నడిచాను. ఈ కాళంగి కూడా పోయి కలిసేది పులికాట్‌లోనే.

రెండో రోజు

తెల్లవారకముందే బయల్దేరి మళ్లీ నేలపట్టు. పొద్దుపొడుపు వేళ చెరువు మీద పలచగా మంచు, ఆ మంచులోంచి శబ్దాలు. ఎదిగిన గూడబాతు దాదాపు మూగ పక్షి. అరిచేవన్నీ పిల్లలే. మేకపిల్లల మందలాంటి ఆ రొద కట్ట పొడుగునా వినిపిస్తుంది.

వాచ్ టవర్ మీద చోటు చూసుకుని కూర్చున్నాను. బైనాక్యులర్‌ను ఒకే చెట్టు మీద నిలిపి, అక్కడి గూళ్లనే చూద్దామని నిర్ణయించుకున్నాను. పక్షుల్ని చూడటానికి వచ్చినప్పుడు అటూ ఇటూ తిప్పుతుంటే పేర్లు తెలుస్తాయి గానీ బతుకు తెలియదు. ఒక్కచోట ఆగితే ఆ చెట్టు ఒక ఊరిలా తెరుచుకుంటుంది. ఒక గూట్లో తెల్లటి నూగుతో పెద్ద పిల్లలు, ఇంకో గూట్లో ఇంకా బూరు సరిగా రాని చిన్నవి, మరో చోట గుడ్ల మీద కదలకుండా కూర్చున్న తల్లి. గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. పొదగడానికి నెల రోజులు పడుతుంది. తర్వాత పిల్ల తనంతట తాను గూడు వదలడానికి మూడు నుంచి ఐదు నెలలు. అంతకాలమూ తల్లీ తండ్రీ చేపలు మోసుకురావాలి.

మేత పెట్టే తీరు మొదటిసారి చూసేవాళ్లకు భయం కలిగిస్తుంది. పిల్ల తన తలను, సగం మెడను తల్లి గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. లోపల పెనుగులాట, సంచి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. బయటికి వచ్చాక కొన్ని పిల్లలు వణుకుతూ, రెక్కలు కొట్టుకుంటూ మూర్ఛ వచ్చినట్టు పడిపోతాయి. నా పక్కన ఉన్న చిన్నపాప “అమ్మా, అది చచ్చిపోతోంది” అని ఏడుపు ముఖం పెట్టింది. మేత అడిగే సమయంలో గూడబాతు పిల్లలు అలా చేస్తాయని అటవీ శాఖ వాచర్ ఆ పాపకు ఓపిగ్గా చెప్పాడు. కాసేపటికి పిల్ల లేచి కూర్చుంది. పాప చప్పట్లు కొట్టబోతే వాళ్లమ్మ మెల్లగా చేతులు పట్టుకుంది. ఆ తల్లి మీద నాకు గౌరవం కలిగింది.

పక్క చెట్టు మీద నత్తగుల్ల కొంగ రెక్కలు పరిచి నిలబడి ఉంది. ఎండ ఎటు తిరిగితే అటు తానూ జరుగుతోంది. దాని నీడలో పిల్లలు.

వాచర్‌తో మాట కలిపాను. ఆయనది ఈ చుట్టుపక్కల ఊరే. 

“అన్నా, ఈ చెరువులోనే ఇంతమందికీ చేపలు దొరుకుతాయా?” 

“యాడ సార్! ఇందులో ఉండేవి ఏ మూలకి? ఇంకాసేపు చూడండి, ఎండెక్కినాక ఎట్ట లేస్తాయో. పులికాట్‌కి పోతాయి, చుట్టూ చెరువులకి పోతాయి. ఇది ఇల్లు సార్ వాటికి, వంటిల్లు అక్కడుంది.”

తొమ్మిది దాటాక ఆయన చెప్పింది కళ్లారా చూశాను. నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యేదాకా గూడబాతులు తొందరపడవు. బరువైన పక్షి రెక్కల బలంతోనే అంత ఎత్తుకు ఎగరాలంటే చాలా శక్తి ఖర్చవుతుంది. వేడిగాలి లేచే చోటు దొరకగానే ఒకటి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, దాని వెంట ఇంకొకటి, తర్వాత పదీ ఇరవై. రెక్క కదపకుండా చుట్లు తిరుగుతూ, చూస్తుండగానే చిన్న చుక్కలైపోయాయి. ఆ ఎత్తు నుంచి తూర్పుకు జారుకున్నాయి. తిండి తెచ్చుకోవడానికి ఇంత తక్కువ ఖర్చుతో ప్రయాణించే ఏర్పాటు చూస్తే మనసు నిండిపోయింది.

మరి సరస్సు పక్కనే గూళ్లు కట్టుకోవచ్చు కదా? నాకు వచ్చిన ఈ అనుమానానికి జవాబు చెట్ల కింద ఉన్న నీళ్లలో ఉంది. గూడు కింద నీళ్లు నిలిచి ఉన్నంతకాలం నక్క, కుక్క, అడవి పిల్లి చెట్టు దాకా రాలేవు. పులికాట్ ఒడ్డున ఉప్పునేల, అక్కడ ఇలాంటి చెట్లు నిలవవు. మంచినీటి చెరువు, నీళ్లలో బతికే చెట్టు, చేరువలోనే చేపలున్న పెద్ద సరస్సు, ఈ మూడూ కలిసిన చోటు అరుదు. నేలపట్టులో కలిశాయి. వాన తక్కువై చెరువు తొందరగా ఎండిపోయిన ఏడాది ఈ కోట గోడ కూలినట్టే. అప్పుడు కిందపడిన పిల్లకు తిరిగి గూడెక్కే దారి ఉండదు, కాపాడే నీళ్లూ ఉండవు.

గూడబాతులు చోటు పోగొట్టుకోవడం మన రాష్ట్రంలో ఇంతకుముందు జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో ఊళ్ల చెట్ల మీద వాటి గూళ్లు పెద్ద ఎత్తున ఉండేవి. 1946లో పక్షులను పరిశీలించేవాళ్ల దృష్టికి వచ్చిన ఆ స్థావరం తర్వాతి దశాబ్దాల్లో లేకుండా పోయింది. ఇప్పుడు కొల్లేరులో ఆటపాక దగ్గర చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీద గూళ్లు కడుతున్నాయి. ఇనుము మీదైనా కట్టుకున్నందుకు సంతోషమే. కానీ నేలపట్టులో ఆ పని చెట్టే చేస్తోంది. ఎండిన కడప చెట్టు స్థానంలో కొత్త మొక్క నాటి పెంచడం అన్నిటికంటే ముఖ్యమైన పని. ఈ చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది, గూడు బరువు మోయడానికి ఇంకా ఏళ్లు.

పదకొండు గంటలకు సందర్శకులు పెరిగారు. ఒక కుర్రాళ్ల బృందం ఫోన్‌లో పాటలు పెట్టుకుని కట్ట మీదికి వచ్చింది. దగ్గరి చెట్టు మీద రాత్రి కొంగలు ఒక్కసారిగా లేచాయి. పెద్దపక్షి గూడు వదిలి లేచిన ప్రతిసారీ కాకికి, గద్దకు అవకాశం. గుడ్డు పోవడానికి అరనిమిషం చాలు. నేను వెళ్లి కాకి ఒకటి గూటి పక్కన వాలడాన్ని బైనాక్యులర్‌లో చూపించాను. చూసిన అబ్బాయి తానే పాట ఆపేశాడు. ఆ తర్వాత వాళ్లు గంటసేపు గుసగుసగా మాట్లాడుకుంటూ చూశారు. చూపిస్తే వినేవాళ్లే ఎక్కువ. చూపించే మనుషులు ఇంకా కావాలి.

మధ్యాహ్నం చిట్టడవి బాటలో నడిచాను. తీరప్రాంతంలో ఒకప్పుడు విస్తారంగా ఉండి, ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలిన ఎండు సతతహరిత పొదల అడవి ఇది. పాల చెట్లు, తీగలు అల్లుకున్న ముళ్లపొదలు. ఎత్తు తక్కువ, ఆకు దళసరి. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. రాత్రుళ్లు దేవాంగపిల్లి తిరుగుతుందని వాచర్ చెప్పాడు. పగలు అది ఎవరికీ కనిపించదు. పక్షుల కోసం వచ్చిన చాలామంది ఈ బాటలోకి రారు, నాకైతే చల్లటి ఆ గంట చాలా నచ్చింది. అక్కడి పర్యావరణ విజ్ఞాన కేంద్రాన్ని కూడా ఒకసారి చూసి, సాయంత్రం మళ్లీ కట్ట మీద గడిపాను. చెరువు తెరపి భాగంలో సూదితోక బాతులు, బొల్లికోళ్లు ఈదుతున్నాయి. సూదితోక బాతులు ఉత్తర ఆసియా నుంచి చలికాలం గడపడానికి వస్తాయి. ఎండలు ముదిరేలోపు తిరిగి వెళ్లిపోతాయి.

మూడో రోజు

గూడబాతులు పోయిన దిక్కుకే ఈ రోజు నా నడక.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి సాగుతుంది. అంతరిక్ష కేంద్రం కోసం వేసిన రోడ్డు. ఆటోలో కొంతదూరం పోయి, నీళ్లు రెండు వైపులా కనిపించే చోట దిగి అటకానితిప్ప వైపు నడిచాను. బస్సులు, కార్లు వేగంగా పోతుంటాయి కాబట్టి రోడ్డు అంచు దిగి నడవడం మేలు. పొద్దున్నే గాలి ఉప్పగా తగులుతుంది. 

దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత పులికాట్‌దే స్థానం. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, కొంత తమిళనాడులో ఉంది. చూపు ఆనినంత మేర నీళ్లే, కానీ సగటు లోతు ఒక మీటరు. చాలా చోట్ల మనిషి మోకాళ్ల లోతులో నడిచి వల వేస్తాడు. లోతు లేకపోవడమే దీని సంపద. ఎండ అడుగుదాకా పోతుంది, నాచు పెరుగుతుంది, ఆ నాచు మీద రొయ్య పిల్లలు, చేప పిల్లలు, సన్నటి పురుగులు బతుకుతాయి. కాళంగి, ఆరణి, స్వర్ణముఖి మంచినీళ్లు తెస్తాయి. శ్రీహరికోట దీవికి అవతల బంగాళాఖాతం. ముఖద్వారాల గుండా సముద్రపు నీరు ఆటుపోట్లతో వచ్చిపోతుంది. వానాకాలంలో ఉప్పు తగ్గుతుంది, ఎండాకాలంలో సముద్రం కంటే ఎక్కువవుతుంది.

రాజహంసలు కనిపించాయి. మొదట నీళ్ల చివర లేత గులాబీ గీత ఒకటి. బైనాక్యులర్‌లో ఆ గీత వందల మెడలుగా విడిపోయింది. చాలామంది ఫ్లెమింగో అనే అంటారు. తల కిందులుగా నీళ్లలో ముంచి, వంకర ముక్కుతో నీటిని లోపలికి పీల్చి, అంచుల్లోని సన్నటి జల్లెడ గుండా బయటికి తోస్తుంది. మిగిలిన చిన్న రొయ్యలు, నాచు దాని ఆహారం. ఆ ఆహారంలోని రంగే ఈకలకు వస్తుంది. గుంపులో బూడిద రంగువి కొన్ని ఉన్నాయి. అవి పిల్ల పక్షులు, గులాబీ రంగు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. మన దేశంలో ఇవి పెద్ద ఎత్తున గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. పులికాట్‌కు మేత కోసం వస్తాయి.

ఒక పడవ దగ్గరికి రావడంతో గుంపు లేచింది. నిలబడి ఉన్నప్పుడు తెలుపు, లేత గులాబీ. రెక్క విప్పితే మంటలాంటి ఎరుపు, అంచున నలుపు. రోడ్డు మీద ఆగిన బస్సులో ప్రయాణికులు కూడా కిటికీలకు అతుక్కుపోయారు. 

నేను వెతుకుతున్న పక్షి మాత్రం వేరే. గంటన్నర తర్వాత ఒక కల్వర్టు దగ్గర దొరికింది. నీళ్లు ఇటునుంచి అటు పారే ఇరుకు చోట చేపలు గుమిగూడతాయి. ఆరు గూడబాతులు అర్ధచంద్రాకారంలో ఈదుతూ వచ్చి, దాదాపు ఒకేసారి ముక్కులు ముంచాయి. సంచిలో నీళ్లు నిండి వేలాడాయి. ముక్కు గుండెకు ఆనించి నీళ్లు వదిలేసి, తల ఎత్తి మింగాయి. నిన్న పొద్దున నేలపట్టు మీద చుట్లు తిరిగి తూర్పుకు జారినవి ఇవేనని ఎవరూ చెప్పలేరు. అయినా నా కళ్ల ముందు దారి పూర్తయింది. ఈ నీళ్లలోని చేప సాయంత్రానికి అక్కడ ఒక పిల్ల నోట్లో ఉంటుంది. కొన్ని రోజులకు ఆ పెద్దాయన మడిలో వరికి సత్తువవుతుంది. సముద్రం నుంచి అన్నం దాకా పోయే ఈ దారిలో గూడబాతు మోసేవాడు. 458 హెక్టార్లకు కంచె వేసినంత మాత్రాన నేలపట్టు నిలవదని నాకు అక్కడ బలంగా అనిపించింది. పులికాట్‌లో చేప తగ్గితే అక్కడ గూడు ఖాళీ అవుతుంది.

చేప తగ్గుతోందని ఇక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. కారణాలు కంటికి కనిపిస్తాయి. నేను నడుస్తున్న ఈ రోడ్డు కట్టే సరస్సును రెండుగా చీల్చింది. కల్వర్టులున్నా నీరు మునుపటిలా స్వేచ్ఛగా కదలదు. ఎండాకాలంలో ఉత్తర భాగం చాలామేర ఎండి, ఉప్పు పేరుకున్న మైదానంగా మారుతుంది. ముఖద్వారాల్లో ఇసుక మేట వేస్తుంది. ఉత్తరాన రాయదొరువు దగ్గర పూడిక తీయాలని మత్స్యకారుల కుప్పాలు ఎన్నాళ్లుగానో కోరుతున్నాయి. సముద్రం నుంచి రొయ్య పిల్ల, చేప పిల్ల లోపలికి వచ్చే తలుపు అది. తలుపు మూసుకుపోతే లోపల ఎన్ని వలలు వేసినా లాభం లేదు.

వల సర్దుకుంటున్న ఒకాయన దగ్గర ఆగాను. బుట్టలో కొన్ని రొయ్యలు, రెండు పీతలు, వెండి రంగు చేపలు. గూడబాతులు మీ చేపలు తినేస్తాయని కోపం రాదా అని అడిగాను.

“వాటికేం కోపమన్నా, అవి యాడ దిగితే ఆడ చేప ఉండాదని మాకు గుర్తు. నీళ్లు రావాల గానీ మాకూ వాటికీ చాలినంత ఉంటాది.”

ముఖద్వారం పూడిక తీయడానికి ఖర్చవుతుందని, పక్షుల కోసం అంత అవసరమా అని అడిగేవాళ్లకు ఆయన మాట వినిపించాలనుంది. ఆ ఖర్చు పక్షి కోసం ఒక్కదానికే కాదు, ఈ బుట్ట కోసం కూడా. నేలపట్టు చెరువు కింద వరి కోసం కూడా.

నాలుగో రోజు

తడ మీదుగా భీములవారిపాలెం వెళ్లాను. అక్కడి రేవు నుంచి ఇరకం దీవికి పడవలు తిరుగుతాయి. ఊరివాళ్లకు అదే రోజువారీ దారి. బియ్యం మూటలు, గ్యాస్ సిలిండర్, బడి సంచులతో పిల్లలు అందరూ ఒకే పడవలో. నాకూ చోటిచ్చారు.

నీళ్ల మీద నుంచి చూస్తే సరస్సు వేరుగా ఉంది. రోడ్డు మీద వాహనాల రొద ఉంటుంది, ఇక్కడ పక్షులు ఇంకా దగ్గరగా కనిపిస్తాయి. పాతిన కర్రల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఒక తిప్ప అంచున ఉల్లంకులు బురద పొడుస్తూ పరుగులు పెడుతున్నాయి. గరుడ పక్షి ఒకటి నీళ్ల మీదికి వాలి, గోళ్లతో చేపను ఎత్తుకుపోయింది. రాజహంసల గుంపు చాలా దూరంలో ఉంది. దగ్గరికి పోదామా అని పడవవాడు అడిగాడు. వద్దన్నాను. మేత మేస్తున్న గుంపును లేపితే వాటి పొద్దంతా పాడవుతుంది, దూరం నుంచే బాగా కనిపిస్తున్నాయి. పడవలో ఉన్న పిల్లలు ఏ పక్షి పేరేమిటో పోటీపడి చెప్పారు. నాకు తెలియని రెండు మూడు పక్షులకు వాళ్ల ఊరి పేర్లు నేర్పారు. మధ్యాహ్నం పడవలోనే తిరిగొచ్చాను.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. గూడబాతు పిల్లలను చూడాలంటే జనవరిలో గానీ ఆ తర్వాత గానీ వెళ్లండి. వలస బాతులు, రాజహంసలు కూడా కావాలంటే జనవరే సరైనది. చలికాలంలో సూళ్లూరుపేట, నేలపట్టు, పులికాట్‌లలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతారు. జనసందోహం ఇష్టమైతే అప్పుడు వెళ్లండి, నిశ్శబ్దంగా చూడాలంటే ఆ తేదీలు వదిలేయండి. వానలు సరిగా పడని ఏడాది చెరువు నిండదు, కాబట్టి బయల్దేరేముందు ఆ సంగతి కనుక్కోండి. నేలపట్టులో పొద్దుపొడుపు నుంచి పది దాకా ఒకసారి, సాయంత్రం నాలుగు తర్వాత ఇంకోసారి కట్ట మీద ఉండండి. మధ్యలో పడుకున్నా నష్టం లేదు. బైనాక్యులర్ తప్పనిసరి, మెరిసే రంగుల బట్టలు వద్దు, తాగునీళ్లు మీరే తెచ్చుకోండి, ఖాళీ సీసా వెనక్కి తీసుకుపోండి. నేలపట్టు ఒక్కటే చూసి తిరిగి పోకుండా పులికాట్‌కు కూడా ఒక రోజు పెట్టుకోండి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజున ఆ రోడ్డు మీద రద్దీ విపరీతంగా ఉంటుంది. పక్షుల కోసమైతే ఇంకో రోజు చూసుకోండి.